మూడు చుక్కలు

పరకాల బడిల తెలుగు చెప్పిన
వేముల ఓదేలు సారుకు
ఎప్పుడు జూసినా రెండు జేబుల అంగీ.
ఎడమ దాంట్ల సుద్దముక్కలు, కుడి దాంట్ల కవిత్వం.
చూడక నానవెడితే రెండూ ఒక్కటే నీళ్లయితయని
ఇంట్ల కొమురమ్మ మొత్తుకునేది.

అచ్చయింది ఒక్కటే పుస్తకం.
హన్మకొండ చౌరస్తా ప్రెస్సుల మూడొందల కాపీలు.
అమ్ముడువోలే.
పంద్రాగస్టుకు బహుమానాలిచ్చిండు.
కబడ్డీల గెలిచిన చింతల సారంగం
స్టీలు చెంబు వస్తదని చేతులు జాపితే
పద్యాలొచ్చినయి.
వాడు ఇప్పటికీ తిడతడు.
తిట్టుకుంటనే రెండు పద్యాలు అప్పజెప్తడు.

నేను నత్తి పోరన్ని.
హాజరు పిలిస్తే "ఉ... ఉ..." అనేలోపు
పక్కోడు "ఉన్నడు సార్" అనేటోడు.
ఏడేండ్లు నేనున్నట్టు వాడే చెప్పిండు.

తొమ్మిదిల ఉన్నప్పుడు జప్తు నాటకం.
మిగిలిన పరీక్ష పేపర్ల ఎనుకపక్క
రాత్రుళ్లు కూసోని సారే రాసిండు.
నాకు బంట్రోతు ఏషం,
మగ్గం పన్ను బాకీదార్ల పేర్లు చదివేటోడు.
నాతోని కాదు సార్ అన్న.
ఆ మాటకే పావుగంట పట్టింది.
ఆయన పావుగంట కూసున్నడు.
తర్వాత కాయితం మీద
ఆఖరి పేరుకు ముందట మూడు చుక్కలు వెట్టిండు.
"ఇది నీ అయ్య పేరు.
ఈడ ఎవ్వనికైనా నోరు రాదురా.
నీ తీరుగనే ఆగు."

పెట్రోమాక్సు లైటు కింద
మొదటి పేరుకు నవ్విన్రు.
రెండో పేరుకు ఈలలేసిన్రు.
ఆఖరి పేరు కాడ
పురుగులు లైటుకు కొట్టుకునే సప్పుడు.
తెర చాటు నుంచి అందరికీ మాట అందించిన సారు
నాకు అందియ్యలే.
కాయితాలు మడిచి, చేతులు గట్టుకొని, సూసిండు.
పత్తి మిల్లుల హమాలీ మా అయ్య
మూడో వరుసల లేచి నిలవడ్డడు,
నిజంగనే పిలిచిన్రనుకొని.

ఇప్పుడు నేను కండక్టర్ను.
ములుగు రోడ్డు, ఆరెపల్లి, ఒగ్లాపూర్, గూడెప్పాడు,
దినాం ఊర్ల పేర్లు ఒర్రుడే నా కొలువు.
'ప' కాడ ఇంకా తట్టుకుంటది.
రిటైరైనంక సారు కండ్ల దవాఖానకు పోయొచ్చుకుంట ఎక్కేటోడు.
యాడికి సార్ అంటే, నువ్వే చెప్పు అనేటోడు.
"ప... ప..."
పక్క సీటు ముసలమ్మ పాపమని అందియ్యబోతే
వేలు పెదవి మీద వెట్టుకునేటోడు.

మొన్న మాఘంల పోయిండు.
సంతాప సభల మస్తు మంది మాట్లాడిన్రు, ఆగకుంట.
చెప్పులు ఇడిసిన కాడ నేను నిలవడ్డ.
మైకు అంత దూరం రాలే.

తెల్లారి డ్యూటీ.
బడి మూలమలుపు కాడ స్టేజి లేదు.
విజిలేసిన.
డ్రైవర్ బ్రేకు తొక్కి ఎనుకకు తిరిగిండు:
"ఎవలు దిగాలె?"

ఓ...
ఓ...

ఎనుక లారీ హారన్ కొడుతనే ఉన్నది.
కొట్టనియ్యి.