కొసరు

పంతొమ్మిదేళ్లు ఊళ్లోవాళ్ల కాంటాలకు ముద్ర వేసినవాణ్ణి
ఆ సోమవారం నా వంటింట్లో
నూట యాభై గ్రాముల అన్నం ముందు
ముద్దాయిలా నిలబడ్డాను.

తార్నాక డాక్టరమ్మ చెప్పింది:
తొంభై ఒకటి, తగ్గాలి, తినేది తూచుకుని తినండి.
"తూకం సంగతి మీకు నేను చెప్పాలా!"
అని నవ్వింది కూడా.

కాంటా వచ్చింది, అద్దం పలక, అరచెయ్యంత.
అలవాటు కొద్దీ ఆఫీసు సంచిలోంచి
ఇత్తడి బాటు తీసి పెట్టాను.
రెండు వందలకి రెండు వందల మూడు.
కేసు రాస్తావా, అంది వినోద.
బేరానికి కాదు కదా, వదిలేశాను.

మొదటి పూటే పట్టుబడ్డాను.
"నేను తినేది రెండు గరిటెలే" అని
పెళ్లైనప్పటినుంచీ ఒట్టేసిన ఆ రెండు గరిటెలు
నాలుగు వందల ముప్పై.
పప్పు మీది నెయ్యి లెక్కలో లేదు.
పొయ్యి దగ్గర నిలబడి కొరికిన అప్పడం
ఏ లెక్కలోనూ లేదు.
మోండా మార్కెట్లో ఏ బేరగాడి బొటనవేలూ
తరాజు మీద ఇంత బరువు వేయలేదు.

రెండు నెలలు. ఆరు కిలోలు.
బెల్టుకి కొత్త చిల్లు, మేకు పెట్టి నేనే కొట్టుకున్నా.

వినోద చేతికి మాత్రం గ్రాములు రావు.
అంకె ఆగి, పళ్లెం కాంటా దిగగానే
గరిటె అంచుతో ఇంకాస్త.
"కొసరు," అంటుంది,
"ఇది తూకంలోది కాదు."

బాలమణి గుర్తొచ్చేది అప్పుడు.
మోండాలో చిక్కుడుకాయలమ్మేది,
కిలో బాటుకి బదులు నున్నటి రాయి.
పట్టుకున్నాను, తూచాను.
వెయ్యిన్నీ నలభై గ్రాములు.
పదకొండేళ్లుగా కిలో కిలోకీ ఎక్కువిస్తూ
ఆ పైన గుప్పెడు కొసరు కూడా వేసింది.
ఎక్కువ తూగినా రాయి రాయే. జరిమానా రాశాను.
కొంగుముడి విప్పి చిల్లర లెక్కపెడుతూ
"తక్కువిస్తే గద సారూ తప్పు?" అంది.
జవాబు రూల్సు పుస్తకంలో ఉంది.
ఇప్పటికీ అందులోనే ఉంది.

మొన్న రాత్రి నీళ్లకని లేస్తే
దీపం వేయని వంటింట్లో అంకెల వెలుగు.
లహరి. తొమ్మిదో తరగతి,
మణికట్టు ఎముక గాజు మీదికి పొడుచుకొచ్చే పిల్ల,
ద్రాక్షపళ్లు తూస్తోంది.
డెబ్భై నాలుగు. ఒకటి తీసింది.
డెబ్భై. ఇంకోటి.
అరవై ఐదు.
తీసినవాటిని గట్టు మీద వరసగా పేర్చి
"నువ్వూ తూస్తావుగా నాన్నా," అంది
ఇటు తిరగకుండానే.

ఏమీ అనలేకపోయాను.
పక్కన నిలబడి ఆ తీసిన పళ్లు
ఒకటి నేను, ఒకటి తను.
తనది నమిలిందో, చేతిలోనే దాచుకుందో
ఆ వెలుగులో తెలియలేదు.

తెల్లారి కాంటా తీసుకెళ్లి ఆఫీసు బీరువాలో
జప్తు చేసిన తరాజుల మధ్య పెట్టేశాను.
డాక్టరమ్మకి ఫోన్ చేశాను, నా గురించి కాదు.

ఇప్పుడు నా కొలత ఒక సత్తు గిన్నె,
అంచుకి వేలెడు కిందికి.
నూట యాభై అంటుంది రెండు నెలలు నేర్చిన చెయ్యి.
ఒక్కోరోజు నూట ఎనభై కూడా అవుతుందేమో.
అవుతోంది. ఈ వారం అరకిలో పెరిగాను.
మధ్యాహ్నం డబ్బా విప్పి, బీరువా తలుపు చాటున
తూచుకు తిందామా అని చూస్తున్నాను,
ఇంకా తేల్చుకోలేదు.

రాత్రి వడ్డన మాత్రం నాదే.
లహరి పళ్లెంలో జొన్నరొట్టె, బీరకాయ కూర.
చాలు, అంది.
గరిటె అంచుతో ఇంకాస్త వేసి
కొసరు, అన్నాను.
తను ఆ కూరని పళ్లెం అంచుకి జరిపింది.
కాసేపాగి
కొంచెం ఇవతలికి.