ఆతిథేయి

సిరోంచా దవాఖాన, కిటికీ పక్క బల్ల.
గాజుపలక మీద ఆరిన నెత్తుటి చుక్కకి
జీమ్సా రంగు పోసి, కడిగి,
నూనె బొట్టు వేసి కన్ను ఆనించాను.

ఉన్నాయి.
సన్నటి ఉంగరాలు,
ఒక్కోదానికీ ఒక కెంపు పొడి.
పెళ్లి ఎవరిదో తెలీదు.

చదువుకునే రోజుల్లో పుస్తకం చూసి నవ్వాను:
రోగక్రిమి చేరిన ఒంటిని ఆతిథేయి అంటారట.
కాళ్లకి నీళ్లివ్వలేదు, పీట వెయ్యలేదు,
దోమతో కబురూ పంపలేదు,
ఆ మర్యాద మాత్రం మనకి అంటగట్టారు.

చీటీ మీద పేరు ఆత్రం జైనీ, జింగానూరు.
జ్వరం లేదు. కొడుకుని తీసుకొచ్చి
"నాదీ చూడు, ఊకె కూసున్న కదా" అని
వేలు చాపిన మనిషి.
పక్క గొట్టంలో ఆమె నెత్తురు మబ్బు పట్టింది.
కొడవలి. ఒక పాలు.

ఉంగరం దూరిన కణం ఆమె లోపల
ఊపిరాడక వంగిపోతుంది,
ప్లీహం పట్టి నలిపేస్తుంది
కణాన్నీ, అందులో దాక్కున్నదాన్నీ.
ఎలుకకి భయపడి ఇల్లు కాల్చుకున్నట్టు
అని మా అమ్మ తిట్టేది.
ఎన్ని వేల వానల కిందటో
ఒక తల్లి సరిగ్గా ఆ పనే చేసి
పిల్లల్ని దక్కించుకుంది.
ఇల్లంతా కాదు. ఒక్క గది.

లాల్సుకి ఏడేళ్లు.
వాడికి ఇటునుంచీ వచ్చింది, అటునుంచీ వచ్చింది.
బెంచీ మీద మోకాళ్లు కావలించుకుని
ఏడవడం కూడా మానేశాడు.
వాడి పలకలో కొడవళ్లే కొడవళ్లు,
కొయ్యడానికి చేను లేదు.

"నా నుంచేనా?" అంది.
మరాఠీ ఫారంలో ఆ గడి లేదు,
మాడియాలో ఆ మాట నాకు రాదు,
తెలుగులో వచ్చు. చెప్పలేదు.

మాత్రలు లెక్కపెట్టి ఇచ్చాను.
"జరమే లేదు, నాకెందుకు మందు?"
నీకోసం కాదు జైనీ,
నిన్ను కుట్టిన దోమ రేపు కుట్టబోయే
పక్కింటి పిల్లకోసం.

కాసేపు ఆలోచించి సరే అంది.
కొంగుముడి విప్పి
ఎండు ఇప్పపువ్వు గుప్పెడు
కొడుక్కి సగం, నాకు సగం.

గ్లౌజు విప్పి చెయ్యి చాచాను.
బయట నాలుగింటి బస్సు
ఇంజను ఆపకుండానే ఎదురుచూస్తోంది.