నాలుగు ఇరవైరెండ్లు

బిట్రగుంట లోకోషెడ్డులో మా నాయన
ఇంజన్ల నంబర్లు సుద్దముక్కతో బోర్డు మీద రాసేవాడు.
అంకె తప్పితే బండి తప్పినట్టే అనేవాడు.
ఆ పిచ్చి నాకూ అంటింది.

బొంగరం మార్కు పిప్పరమెంటు పొట్లంలో
ఒక్కో క్రికెట్ బొమ్మ. మొత్తం నలభై.
అందరూ మన చుట్టుపక్కలవాళ్ళే:
అల్లూరు బౌలరు, కోవూరు బియ్యం మిల్లు ఓపెనరు,
మా రైల్వే టీము కీపరు ఆస్వాల్డ్,
చేతులకు గ్లవుజులు, నోట్లో బీడీ.
వెనకవైపు తెలుగంకె.
నలభై తెస్తే కావలి డిపోలో బ్యాటు.

పళ్ళు పుచ్చిపోయాయి.
ఇరవైరెండు మాత్రం వస్తూనే ఉంది.
అల్లూరాయనా ఇరవైరెండే. ఆస్వాల్డూ ఇరవైరెండే.
బ్యాటు భుజాన వేసుకున్న ఉదయగిరి మేష్టరూ,
పేరు అచ్చవని కుర్రాడొకడు, వాడూ.
ఇరవైమూడు లేదు. ముప్పైరెండు లేదు.
ముప్పైమూడును చూసినవాడు జిల్లాలోనే లేడు.

డెబ్బై నాలుగు ఎండాకాలం, ప్యాసింజరెక్కి పోయాను.
డిపో గుమాస్తా నాలిక్కి వేలు అద్దుకుని లెక్కపెట్టాడు.
"మూడు తక్కువ మే. ఇరవైరెండ్లే ఎక్కువున్నాయి."
ఒకటి ఉంచి మిగతా మూడూ
చెల్లని బిళ్ళల్లా నా వైపు తోశాడు.

ముప్పయ్యేళ్ళు లైబ్రరీ పుస్తకాలకు నంబర్లేసిన చెయ్యి
రిటైరయ్యాక ఊరుకోలేదు.
పట్టిక రాద్దామని రేకు డబ్బా తీశాను.
ఇరవైరెండు దగ్గర కలం ఆగింది.

నెల్లూరు సంతపేటలో కంపోజిటరు చెంచురామయ్య
ఇంకా ఉన్నాడని ఎవరో చెప్పారు.
మంచం మీద కూర్చుని మొదట నవ్వాడు, తర్వాత దగ్గాడు.
"నలభై బొమ్మలకు మూళ్ళు పద్నాలుగు కావాలమ్మా.
మా కేసులో ఉండేవి పది.
రాత్రికి లారీ. మేనేజరు నెత్తిన నిలబడున్నాడు.
రెండుకీ మూడుకీ తేడా ఎంత? ఒక మెలిక.
నాలుగుచోట్ల రెండు పెట్టేసినా.
పిప్పరమెంటు తినేవాళ్ళు అంకెలు చూస్తారా అనుకున్నా."

మరి వీటిలో ఏది ఏది?
నాలుగూ కళ్ళకు ఆనించుకుని చూశాడు.
"ఈ బీడీ ఆయన ముప్పైమూడు.
కాదు, ఉండు. మేష్టరేమో."
బొమ్మలు తిరగేశాడు, మళ్ళీ తిరగేశాడు.
"బ్యాటు ఎవురికన్నా ఇచ్చినారా?" అన్నాడు.
లేదన్నాను.
ఆ రోజు డిపో బల్ల మీద నావి
నలభైకి నలభై ఉన్నాయని మాత్రం అనలేదు.
ఆయనకు మళ్ళీ దగ్గొచ్చింది, నీళ్ళందించాను.

తిరుగు బండిలో పట్టిక తెరిచి
౨౨ క, ౨౨ ఖ, ౨౨ గ, ౨౨ ఘ అని రాశాను.
౨౩, ౩౨, ౩౩ ఎదురుగా ఖాళీ వదిలాను.
నాయన చూసుంటే ఒప్పుకోడు.
అందుకే పెన్సిలుతో రాశాను.
పేర్లేని కుర్రాడు మాత్రం ప్రతిసారీ
ఆ ఖాళీలోకి నడిచి వస్తున్నట్టు ఉంటాడు.
రబ్బరు పక్కనే పెట్టుకున్నాను.