అర మిల్లీమీటరు

మధ్యాహ్నం రెండింటికే ట్రోమ్సో చీకటి.
గరాజులో హీటరు గొణుగుతోంది.
సిగ్వోర్ రెండు స్టూళ్ల మీద స్కీని పరిచి
నడిమిన పెయింటు డబ్బాలు వేలాడదీసింది.
వంగింది పద్దెనిమిది. కావలసింది ఇరవై రెండు.

మొదటి జత బిర్రబిగుసుకుని
మంచుతో మాటే కలపలేదు.
రెండోది ఎపాక్సీ చలికి గట్టిపడక
మొదటి మలుపులోనే పొరలు విప్పేసింది.
ఈసారి నడుమ పాప్లార్, అంచులకు యాష్,
పైన గాజునార ఒక్క వరసే.
కార్బన్ వద్దంది:
"వంగదు, విరుగుతుంది. మా నాన్నలా."

గోడ మీద పెన్సిలు రాత,
రెండేళ్ల కిందటిది:
ఆడ్వర్, ఎనభై ఆరు కిలోలు.
నిన్న ఆసుపత్రి తూకం అరవై ఎనిమిది.
పాత అంకె కొట్టెయ్యకుండా
పక్కన కొత్తది రాసి
రేపటి జత కర్రకి చిత్రిక పట్టింది.

చుట్టలు చుట్టలుగా పొట్టు బూట్ల మీద పడుతోంది.
వేలితో తడిమి, మళ్లీ ఒక పోటు,
మళ్లీ డబ్బాలు.

తలుపు దగ్గర దుప్పటి కప్పుకుని ఆడ్వర్:
"మరీ మెత్తగా చేస్తున్నావేమో?"
"నీ బరువుకి చేస్తున్నా."
తలెత్తలేదు.
"మళ్లీ లావెక్కితే?"
చిత్రిక ఆగింది.
"కర్ర బోలెడుంది."