నాలుగు లెక్కపెట్టి

ఇరవై రెండేళ్లుగా ఈ బస్సు నాదే.
తొమ్మిదో నంబరు. హీటరు ఎడమవైపే పనిచేస్తుంది.
అందుకే సెల్లోని ఎడమవైపు కూచోబెడతాను,
బెల్టు పెట్టి, పసిపిల్లకి పెట్టినట్టు.
పెద్ద వాద్యాలు బస్సెక్కించకూడదని రూలుంది.
ఆ రూలు రాసినవాళ్లెవరూ
జనవరిలో, పొద్దున్న ఆరుంపావుకి,
మట్టిరోడ్డు మలుపులో తనకన్నా పెద్ద పెట్టెని
గాలికి పడిపోకుండా కావలించుకుని నిలబడ్డ
పదకొండేళ్ల టెవాని చూసి ఉండరు.

నెబ్రాస్కా ఇసుకకొండల్లో మనుషులకన్నా ఆవులెక్కువ.
మూడూళ్లకి ఒక్కో స్కూలు,
మూడు స్కూళ్లకీ కలిపి ఒక్క మిస్ హ్రుబీ.
ఆవిడ కారు వెనకసీట్లో
వెంట్రుకలు రాలిన కమానులు, గుగ్గిలం ముక్కలు,
సగం తిని మడిచిన శాండ్‌విచ్.
చలికి చెక్క ముడుచుకుంటుంది.
బిరడాలు జారిపోతాయి.
రాత్రి శ్రుతి చేసిన తీగ
తెల్లారేసరికి ఎవరి మాటా వినదు.
ఆవిడ బిరడాకి సుద్దముక్క రుద్ది, చెవిదగ్గర పెట్టుకుని
"ఏమైందమ్మా నీకు" అంటుంది.
పిల్లల్ని కాదు, దాన్నే.

డబుల్ బాస్ ఒకటే ఉంది.
ఓసారి నడుం దగ్గర చీలితే
లీలండ్ స్టావ్ తన ట్రాక్టరు షెడ్డుకి తీసుకెళ్లి,
జిగురు పూసి, గడ్డిమోపులు కట్టే పట్టీలు బిగించి
నాలుగు రోజులు దూడల పక్కన ఆరబెట్టాడు.
ఇప్పటికీ ముసురు పడితే
దాని కడుపులోంచి కొట్టం వాసన వస్తుంది.
స్వరం ముందుకన్నా లోతయిందంటారు.
నాకు తెలీదు. నాకు తెలిసింది గేర్ల చప్పుడు.

యారెలి వయోలా వాయించేది.
మాంసం ప్లాంటు వెనక, రేకుల ఇళ్ల దగ్గర ఎక్కేది.
వయోలా అంటే ఏమిటని అడిగాను ఒకసారి.
"మధ్యలో ఉండేది" అంది.
ఇంకేమీ చెప్పలేదు.
మూడేళ్లు అద్దంలో చూశాను:
ముందు సీటు ఇనుపకడ్డీ మీద
ఆ పిల్ల ఎడమచేతి వేళ్లు నాలుగూ
చప్పుడు లేకుండా ఎక్కడం, దిగడం.

అక్టోబరులో ప్లాంటు మూసేశారు.
వాళ్లు కాన్సస్ వైపు వెళ్లిపోయారు, అక్కడ పనుందట.
వయోలా స్కూలుది కదా,
నా సీటు పక్కన పెట్టి, మిస్‌కి ఇమ్మంది.
పెట్టె తెరిచి చూశాను. అన్నీ ఉన్నాయి.
గుగ్గిలం బిళ్ల మాత్రం లేదు.
ఆ సంగతి నేనెవరికీ చెప్పలేదు.

మార్చిలో కచేరీ. జిమ్‌లో, బాస్కెట్‌బాల్ బుట్ట కింద.
ఆవులు ఈనే రోజులు.
తండ్రులు బూట్లతోనే గుమ్మం దగ్గర నిలబడ్డారు,
ఫోన్ మోగితే పరిగెత్తడానికి.
ఆరుగురు పిల్లలు, ఏడు కుర్చీలు.
రెండో పాట మధ్యలో ఒకచోట అందరూ ఆగిపోతారు,
వయోలా ఒక్కటే సాగాలి, నాలుగు గతులు.
మిస్ హ్రుబీ ఆ వరసని వయోలిన్‌కి ఇవ్వలేదు.
కత్తిరించనూ లేదు.

అందరూ ఆగారు.
ఆవిడ చెయ్యి మాత్రం ఆగలేదు.
ఒకటి.
ఐసు మిషను గుర్రుమంది.
రెండు.
ఎవరి చంటిదో దగ్గింది.
మూడు.
బోర్డు అధ్యక్షుడు ఎవరో తప్పు చేశారనుకుని
ప్రోగ్రాం కాగితం తిరగేశాడు.
ఏడుగురున్నప్పుడే ఎక్కువ ఖర్చన్న మనిషి, పాపం
మళ్లీ మళ్లీ తలలు లెక్కపెట్టుకున్నాడు.
నాలుగు.
టెవా కమాను ఎత్తింది.

మర్నాడు పొద్దున్న
రేకుల ఇళ్ల మలుపులో బస్సు ఆపాను.
అక్కడ ఎక్కేవాళ్లెవరూ లేరు.
కాలు దానంతటదే బ్రేకు తొక్కింది.
తలుపు తీశాను. చలి లోపలికొచ్చింది.
పిల్లలెవరూ ఏమీ అనలేదు.
నాలుగు లెక్కపెట్టి
మూశాను.