తెల్లటి వలయాలు

కొవ్వు కనబడదు స్లైడు మీద.
జైలీన్‌లో మునకలు వేసేసరికి కరిగి వెళ్ళిపోతుంది.
మిగిలేవి గోడలే.
పక్కపక్కనే తెల్లటి వలయాలు,
అల వెనక్కి పోయాక ఇసుక మీద నురగ బుడగల్లా.
ఇరవై ఆరేళ్ళుగా కేజీహెచ్ మెట్ట మీద ఈ గదిలో
ఈ ఖాళీ ఇళ్ళను చూస్తున్నాను.
ఎవరుండేవారని ఎప్పుడూ అడగలేదు.

ఇవాళ్టి డబ్బా మీద పేరు: బెవర శశిరేఖ, అరవై మూడు.
గర్భసంచి. దానితోపాటు
పేగుల మీంచి తీసిన కొవ్వు తెర,
మడత విప్పని పసుపు దుప్పటిలా ఫార్మలిన్‌లో.

ఆవిడ తెలుసు నాకు. రక్తం ఇచ్చిన రోజు
బెంచీ మీద ఆయాసం తీర్చుకుంటూ తనే చెప్పింది:
"డాబాగార్డెన్స్ ఎక్స్‌చేంజిలో ట్రంకాల్ ఆపరేటర్ని బాబూ.
రాత్రి డ్యూటీలు, చెవులకి హెడ్‌ఫోను, ఒళ్ళో బజ్జీల పొట్లం.
ఊళ్ళన్నీ నా వేళ్ళ చివరే ఉండీవి.
నా కాళ్ళే ఎక్కడికీ ఎళ్ళలేదు."

కొవ్వంటే గోడౌన్ అనుకున్నాం,
పోర్టులో బస్తాల్లా పేర్చి మరిచిపోయే సరుకని.
కాదు. అదీ ఎక్స్‌చేంజే.
లైట్లు ఆర్పని ఎక్స్‌చేంజి.

లెప్టిన్ అని ఒకటి,
"చాలు, ఇక చాలు" అని మెదడుకి ఫోను చేస్తూనే ఉంటుంది.
ఏళ్ళ తరబడి గొంతు పెంచి, పెంచి...
చివరికి మెదడు రిసీవరు పక్కన పెట్టేసింది.
కేక ఆగలేదు.
ఇంకెక్కడో ఏదో కణం ఎత్తింది.
దానికి "చాలు" అన్న మాట
"ఎదుగు" అని వినబడింది.

అడిపోనెక్టిన్ అని ఇంకొకటి, నెమ్మదస్తురాలు.
మంట రేగితే నీళ్ళు చల్లేది.
ఇల్లు పెద్దదయ్యేకొద్దీ రావడం తగ్గించేసింది.
ఎందుకో పుస్తకంలో ఉంది. నాకు సగమే అర్థమైంది.

ఇక ఈస్ట్రోజన్.
అండాశయాలు రిటైరై పన్నెండేళ్ళు.
బోర్డు తీసేశారు, తాళం వేశారు.
అయినా కొవ్వే కూర్చుని
రాత్రంతా పాత లైను కలుపుతోంది గర్భసంచి గోడకి:
"పొర కట్టు, ఇంకో పొర కట్టు, ఎవరో వస్తున్నారు."
ఎవరూ రారు.
ఆవిడకి తెలుసు.
గోడకి తెలీదు.

లెన్సు కింద గ్రంథులు
సాయంత్రం జగదాంబలో బస్సుల్లా ఒరుసుకుంటున్నాయి,
మధ్యన సూది దూరే సందు లేకుండా.
కొవ్వు తెర స్లైడు మాత్రం నిర్మలం.
వలయాలే, వట్టి వలయాలే. అక్కడికి పాకలేదు.
పెద్ద డాక్టరు కూడా చూసి తల ఊపి సంతకం పెట్టారు.

రిపోర్టుకి తనే వచ్చింది, డౌను ఎక్కి, ఆగి ఆగి.
"నా ఒళ్ళే నన్ను తినీసినాదేటి బాబూ?
మా ఆడబడుచు అలాగే అంటంది."
జవాబు చెప్పే హోదా కాదు నాది.
అయినా అన్నాను:
మీ ఒళ్ళు చాలు చాలు అని అరుస్తూనే ఉందమ్మా.
ఆవిడ కవరు వైపు కాసేపు చూసింది.
"లైను కలవలేదన్నమాట," అంది,
సారీ చెప్పే పాత ఆపరేటరు గొంతుతో.

రాత్రి డౌను దిగుతుంటే
ఔటర్ హార్బర్లో ఓడ ఏదో కూత పెట్టింది.
బీచ్ రోడ్డులో పునుగుల బండి దగ్గర ఆగాను.
నా బెల్టు ఆఖరి కన్నంలో ఉంది.
పొట్లం అందుకున్నాను గాని విప్పలేదు.
కాగితంలోంచి నూనె మెల్లగా వేళ్ళకి దిగుతోంది.
జేబులో ఫోను మోగింది.
నేను వింటున్నది అది కాదు.