ఒంటి గొట్టం

రాయ్ హన్నులా కుదువకొట్టులో
తీగలు తెగిన గిటార్లకీ మంచుబూట్లకీ మధ్య
గోడకి ఆనుకుని ఉందది.
నూట నలభై డాలర్లు. నాలుగు వాయిదాలు.
వాల్‌నట్ రంగు పూసిన బర్చి చెక్క;
ముందటి మనిషి చెంప ఆనిన చోట
అసలు రంగు బయటపడింది.

"ఇది ఒక్కసారే పేలుతుంది" అన్నాడు రాయ్,
లోపం చెప్పి అమ్మేవాడి నిజాయితీతో.
ఆస్పత్రి లాండ్రీలో రాత్రి పాళీ దాన్ని.
రెండోసారి అనే మాటకి
నా జీతంలో ఏనాడూ పద్దు లేదు.
కొన్నాను.

మీట నొక్కితే నడుం దగ్గర విరుగుతుంది.
గొట్టంలోంచి చూస్తే
చొక్కా బొత్తామంత ఆకాశం.
తూటా పెట్టి మూస్తే
రొట్టెల డబ్బా మూత పడ్డట్టు, టక్.
ఇంతే దీని చదువు.

మా అక్క కొడుకు ఈరోది వేరే లెక్క.
అయిదు తూటాల అర,
దూరాన్ని గడప దాకా లాక్కొచ్చే అద్దం.
నవంబరు పదిహేను తెల్లారగానే
వాడి వైపు అడివిలో పేలాలు వేగుతాయి.
పదింటికి కాఫీకొచ్చి
ఏయే కొమ్మలు పడ్డాయో చెబుతాడు.

గట్టు అవతల ఇంట్లో సైమా అవ్వ.
నా వైపు నుంచి ఒక చప్పుడు వినగానే
ఇనప పెనం పొయ్యెక్కించి
ఉల్లిపాయలు కోయడం మొదలెట్టేది.
తొమ్మిదేళ్ళు
ఒక్క ఉల్లిపాయా వృథా కాలేదు.

నన్నేదో గురికత్తె అనుకోకండి.
వెనకాల ఇంకోటి లేదని తెలిస్తే
వేలికి భయం ఉంటుంది, అంతే.
నేను వదిలేసిన దుప్పులు
సైమాకి వినపడలేదు.

పదో ఏడు.
సీడరు బురద పక్కన, చీలమండ లోతు మంచు.
ముప్పై గజాల్లో, ఒక చెవి చిరిగిన మగది,
ఫోటోకి నిలబడ్డట్టు పక్కకి తిరిగి నిలబడింది.
సగం ఊపిరి వదిలి, నొక్కాను.

టిక్.

ఎవరో గోటితో గాజుని తట్టినట్టు.
దుప్పి తలెత్తింది.

ఇలాంటప్పుడు గొట్టం వెంటనే విప్పకూడదు.
ముప్పై లెక్కపెట్టమనేవాడు నాన్న,
మందు ఇంకా ఆలోచించుకుంటోందేమో అని.
లెక్కపెట్టాను.
భుజాన అది, ఎదురుగా ఇది, మధ్యలో నా అంకెలు.
ఏడుకి చిరిగిన చెవి విదిల్చింది.
పన్నెండుకి ముక్కులోంచి ఆవిరి, మెల్లగా, రెండు పాయలు.
పంతొమ్మిదికి నా మోచెయ్యి వణికింది,
కిరాణా కొట్టు బాకీ గుర్తొచ్చి.
ఇరవై ఆరుకి కదిలింది.
పరిగెత్తలేదు. వరసలో
తన పని అయిపోయినట్టు వెళ్ళింది.
మిగతా నాలుగూ చెట్లకి లెక్కపెట్టాను.

చీకటి పడ్డాక తలుపు చప్పుడు.
సైమా. చేతిలో టార్చి, కాళ్ళకి వేర్వేరు జతల బూట్లు.
"బతికే ఉన్నావా?" అంది, గుమ్మంలోనే.
నా చప్పుడు లేకపోతే
బూట్లు తొడుక్కునే మనిషి ఒకరున్నారని
నాకప్పటిదాకా తెలీదు.
ఇద్దరం బంగాళాదుంపలు ఉడకేసుకున్నాం.

తుపాకి చేసిన కంపెనీ ఎప్పుడో మూతబడింది.
సుత్తి కింద సూది అరిగిపోయిందట.
రాగి గనిలో లేతు తిప్పిన వాల్డెమార్ కంగస్
విరిగిన డ్రిల్లు కడ్డీ సానపట్టి
కొత్తది చేసిచ్చాడు.
కూలి, దుప్పి వెనక తొడ ఒకటి.
ఆ తొడ
ఇంకా అడివిలో తిరుగుతోంది.

పోయినవారం ఈరో వచ్చాడు.
అద్దంతో సహా తన పాతది ఊరికే ఇస్తాడట.
"అయిదు ఛాన్సులు పిన్నీ!"
చేతిలో పట్టుకు చూశాను. మంచి వస్తువే.
తిరిగిచ్చేశాను.
సైమాకి ఎనభై దాటాయిరా,
ఎన్నో దానికి పెనం పెట్టాలో
ఆవిడకి తెలీదు.